మందు లేబుల్‌పై ‘టేక్’: స్పానిష్‌లోకి మార్చేవారు చేయవలసినవి - చేయకూడనివి

మాత్ర మింగడం, రక్తం తీయడం, చొక్కా విప్పడం, రోగిని ఆసుపత్రికి చేర్చడం, ఫలితానికి గంట పట్టడం. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ‘టేక్’ ఒక్కటే సరిపోతుంది. స్పానిష్‌లో సరిపోదు. అమెరికాలో ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో పనిచేసే మనవాళ్లు, ఇక్కడి నుంచి రోగుల కరపత్రాలు అనువదించేవారు ఈ కింది సూచనలు పాటించండి.

చేయవలసినవి

• వాక్యం చివరిదాకా చదివాకే క్రియ ఎంచుకోండి. ఎవరు, దేన్ని, శరీరంలోకి ఏ దారిన అన్నది ముందు తేల్చుకోండి.

• నోటితో మింగే మాత్రకు, సిరప్‌కు ‘తోమార్’ వాడండి. లేబుల్ మీద ‘తోమె ఉనా తబ్లేతా’ అని మర్యాద రూపంలో రాయండి.

• ఇన్సులిన్‌కు ‘ఇన్యెక్తార్సె’ లేదా ‘పొనేర్సె’ రాయండి. ఇంగ్లిష్‌లో డాక్టరు దానికీ ‘టేక్’ అనే అంటారు. ‘తోమార్’ అని రాస్తే నోట్లో వేసుకోమన్నట్టు ధ్వనించవచ్చు.

• ఇన్‌హేలర్‌కు ‘ఇనాలార్’, పూతమందుకు ‘అప్లికార్’, కంటి చుక్కలకు ‘పొనేర్సె’ వాడండి.

• రక్తం తీయడానికి ‘సకార్’, ఒంటి మీది చొక్కా, పాత ప్యాచ్ తీసేయడానికి ‘కితార్సె’ రాయండి. తెలుగులో అన్నీ ‘తీయడమే’ కాబట్టి మనవాళ్లు ఏమరుపాటున పడేది ఇక్కడే. మరింత జాగ్రత్త వహించండి.

• రోగిని తీసుకెళ్లడానికి ‘యెవార్’, సమయం పట్టడానికి ‘తర్దార్’ వాడండి.

• ‘రోజుకు ఒకసారి’ అన్నదాన్ని ‘ఉనా వెస్ అల్ దియా’ అని పూర్తిగా రాయండి. ఇంగ్లిష్ ‘వన్స్’ అక్షరాలనే స్పానిష్‌లో ‘ఒన్సె’ అని చదువుతారు. దాని అర్థం పదకొండు. ఆ ఒక్క మాట మార్చకుండా వదిలితే రోజుకొక రక్తపోటు మాత్ర కాస్తా పదకొండవుతుంది.

• రోగి ఏ దేశం నుంచి వచ్చారో అడిగి తెలుసుకోండి. స్పెయిన్‌లో దశాంశానికి కామా పెడతారు, మెక్సికోలో చుక్క పెడతారు. అర మిల్లీలీటరు మోతాదు చెప్పేటప్పుడు సిరంజి మీది గీతను వేలితో చూపించండి.

• ‘ఈ మందు ఎలా వాడతారో మీరే చెప్పండి’ అని రోగి చేత చెప్పించుకోండి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు.

చేయకూడనివి

• నిఘంటువులో మొదట కనిపించిన మాటను లేబుల్‌కు ఎక్కించకండి. రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువులో ‘తోమార్’ ఒక్కదాని కిందే పదుల కొద్దీ అర్థాలున్నాయి.

• రోగుల కాగితాల్లో ‘కొహేర్’ వాడకండి. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి కూడా అది మామూలు మాటే. మెక్సికోలో, అర్జెంటీనాలో బూతు. అమెరికాలోని స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లో మెక్సికో మూలాలవారే ఎక్కువ.

• ఏం తీసుకోవాలో చెప్పకుండా ‘తోమార్’ను ఒంటరిగా వదలకండి. లాటిన్ అమెరికాలో ‘ఉస్తెద్ తోమా?’ అంటే ‘మీకు తాగే అలవాటుందా?’ అని. మన ‘మందు’తో వచ్చే చిక్కే ఇది. ఏ మాత్ర మానాలో చెప్పకుండా ‘నో తోమె’ అని మాత్రమే రాస్తే, రోగి సారా మానేసి మాత్ర వేసుకోవచ్చు.

• ‘తోమె’ చివరి అక్షరం మీద గీత పెట్టకండి. పెడితే ‘తీసుకోండి’ కాస్తా ‘నేను తీసుకున్నాను’ అవుతుంది.

• ఒకే కాగితంలో ‘తు’ (నువ్వు), ‘ఉస్తెద్’ (మీరు) కలపకండి. ‘తోమా’ అంటే ‘నువ్వు తీసుకో’ అనీ వస్తుంది, ‘ఆయన తీసుకుంటారు’ అనీ వస్తుంది.

• ‘టేక్ కేర్’ వంటి నుడికారాలను ముక్కలు చేసి మార్చకండి. దానికి ‘క్వీదెసె’ చాలు.

• కంప్యూటర్ ఇచ్చిన అనువాదాన్ని చూడకుండా ముద్రించకండి. న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో మందుల షాపుల కంప్యూటర్లు తయారుచేసిన స్పానిష్ లేబుళ్లను పరిశీలించినప్పుడు దాదాపు సగంలో తప్పులు తేలాయి. ఆ పరిశీలన 2010లో వెలువడింది. కొన్నిటిలో సగం వాక్యం ఇంగ్లిష్‌లోనే మిగిలిపోయింది. అది ఇంకా ప్రమాదం.

• రోగి ఇంటి పిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టకండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రుల్లో అత్యవసరమైతే తప్ప అది నిబంధనలకు విరుద్ధం.

• ఇంగ్లిష్ మాటలా వినిపించే స్పానిష్ మాటను నమ్మకండి. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాణ్ణి ఆసుపత్రికి తెచ్చిన కుటుంబం ‘ఇంతొక్సికాదో’ అంది. తిన్నదేదో పడలేదని వాళ్ల భావం. అది ఇంగ్లిష్ ‘ఇంటాక్సికేటెడ్’లా వినిపించి, మత్తుపదార్థం మోతాదు మించిందని వైద్యులు అనుకున్నారు. మెదడులో రక్తస్రావం జరుగుతున్న సంగతి ఆలస్యంగా తెలిసింది. కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. అతని జీవితాంతం లెక్కన 7.1 కోట్ల డాలర్ల వరకు వెళ్లగల పరిహారానికి రాజీ కుదిరింది. అంత జరిగినా, ధ్వని పోలికను నమ్మి అనువదించేవారు నేటికీ ఉన్నారు.

• ఇంగ్లిష్ మూలమే అస్పష్టంగా ఉంటే ఊహించి పూరించకండి. మందు రాసిన డాక్టరుకో ఫార్మసిస్టుకో ఫోన్ చేయండి. జవాబు వచ్చేదాకా లేబుల్ అంటించకండి.