మాటిమాటికి వచ్చు విమర్శకు మన జవాబు

వాక్యభాగము: నెహెమ్యా 4, 5, 6 అధ్యాయములు



ఒకసారి వచ్చిన విమర్శను ఎవరైనను ఓర్చుకొందురు. ప్రతి ఆదివారము, ప్రతి కమిటీ కూటములో అదే మాట వినవలసివచ్చినప్పుడు మంచి విశ్వాసికి కూడ ఓపిక నశించును. కొందరు ఎదురుతిరిగి కేకలు వేయుదురు. కొందరు ఆరాధనకు రావడమే మానుకొందురు. ఈ రెండును కాక వాక్యము చూపు మార్గమేదో చూతము.

1. ముందుగా వినవలెను

బడిలో పాఠములు చెప్పిన మాకు తెలిసిన సంగతి ఒకటున్నది. ఒకే ప్రశ్నను మరల మరల అడుగు పిల్లవాడు అల్లరికైనా అడుగును, అర్థము కాకయైనా అడుగును. ఏదో తెలియక బెత్తము ఎత్తరాదు.

నెహెమ్యాకు 4వ అధ్యాయములోను 6వ అధ్యాయములోను పోరు పెట్టినవారు సన్బల్లటు, టోబీయాలు. మధ్యనున్న 5వ అధ్యాయములో వినబడునది బీదల మొర. స్వజనులే వారి పొలములను తాకట్టు పట్టిరి, పిల్లలు దాసులగుచుండిరి. గోడ పని తొందరలో ఉన్నను నెహెమ్యా ఈ మొరను శత్రువుల మాటలతో కలిపి త్రోసివేయలేదు. ఆలోచించి, ప్రధానులను గద్దించి, పొలములు తిరిగి ఇప్పించెను. తానును అప్పులిచ్చినవారిలో ఒకడనని దాచలేదు (5:10).

రాజపాలయంలో మన పిల్లలకు ఇంట తెలుగు, బడిలో తమిళము. "తెలుగు ఆరాధన ఎందుకు? పిల్లలు బైబిలు చదవలేకున్నారు గదా" అని ఒకరు పదేపదే అన్నయెడల అది తెలుగుపై ద్వేషమని కోపగించవద్దు. అందులో పిల్లల మొర ఉన్నది. సండేస్కూలులో అక్షరములు నేర్పుదము. వారికి అర్థమగుటకు వాక్యమును తమిళములో కూడ చదివింతము.

2. అబద్ధమునకు ఒకే జవాబు చాలును

పని మాని దిగి రమ్మని శత్రువులు నెహెమ్యాకు నాలుగుసార్లు కబురు పంపిరి. నాలుగుసార్లును ఆయన ఒకే జవాబు చెప్పెను (6:4). ఐదవసారి రాజద్రోహపు నింద మోపగా, అది కల్పితమని ఒక్క మాటతో చెప్పి, దేవుని బలము కోరి పనిలో నిలిచెను. వాదమునకు పోయినచో గోడ 52 దినములలో ముగిసెడిదా?

3. నడత ముందుగా జవాబు చెప్పవలెను

నెహెమ్యా 12 సంవత్సరములు అధికారి భత్యము ముట్టలేదు (5:14). నిందకు చోటు లేకుండ చేసికొనెను.

మన తెలుగు బాప్తిస్టు చరిత్రలోను ఇట్టి మాదిరి కలదు. 1836లో శామ్యూల్ డే దొర ప్రారంభించిన పనికి ఏండ్ల తరబడి ఫలము స్వల్పమే. మిషనును మూసివేయుదమను మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు లేచెను. 1862లో స్వదేశమందున్న జూయెట్ దొర తాను మాత్రము తెలుగువారియొద్దకే తిరిగి వెళ్లుదునని నిలిచెను. తరువాత వచ్చిన క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటి కొరకు క్రైస్తవులైరను నింద రాకుండ సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ నింద అంతటితో ఆగలేదు. అయినను ఆ నిలిపివేసిన కాలమే దానికి జవాబుగా నేటివరకు నిలిచియున్నది. సంఘపు లెక్కలు చూచువారు, కానుకలు పంచువారు దీనిని గుర్తుంచుకొనవలెను. అడుగకముందే లెక్క చూపినచో సగము విమర్శ పుట్టదు.

కూటములో ఆలోచించుటకు

1. మనము తరచుగా వినుచున్న ఒక విమర్శ 5వ అధ్యాయపు మొరయా, 6వ అధ్యాయపు పన్నాగమా?

2. అందులో నిజమున్నయెడల ఈ నెలలో ఏమి సరిచేయగలము?

3. విమర్శించిన సహోదరుని పేరు ఎత్తి, ఆయన మేలు కొరకు ప్రార్థించితిమా?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాతనే తక్కిన రెండింటిని చర్చించుట మంచిది. ప్రభువు మన చెవులకు వినయమును, చేతులకు బలమును దయచేయును గాక. ఆమెన్.