పొలం ఎర్రగా ఎందుకుంది?

రిమోట్ సెన్సింగ్‌లో ఉద్యోగం చూసుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ల వెంట పడతారు. ఇంటర్వ్యూలో శాటిలైట్ చిత్రం ముందుపెట్టి ‘ఈ వరి పొలం ఎర్రగా ఎందుకుంది?’ అంటే మాత్రం నీళ్లు నములుతారు. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొడుతుంది. తెరమీద దానికి ఎరుపు రంగు ఇస్తారు, అంతే.

కోర్సు కావాలంటే డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే నేర్పిస్తుంది. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌కూ పైసా కట్టక్కర్లేదు. అవి పట్టుబడ్డాక మీ మండలంలో వరి ఎక్కడెక్కడ వేశారో మీరే ఒక పటం గీయండి.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. పిక్సెల్ 10 మీటర్లు, అంటే ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు. చిక్కల్లా ఖరీఫ్‌తోనే. నాట్లు పడే రోజుల్లో ఆకాశమంతా మబ్బే, కెమెరాకు పొలం కనబడదు. అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు తీసుకోండి, దానికి మబ్బు అడ్డం కాదు. నాట్లప్పుడు మడిలో నీళ్లు నిలిచి ఉంటాయి. నున్నటి నీటిమీద పడ్డ రాడార్ తరంగం అవతలికి జారిపోతుంది కాబట్టి మడి నల్లగా కనిపిస్తుంది. చెరువూ నల్లగానే ఉంటుంది మరి! రెండు నెలలాగి చూడండి: పైరు ఎదిగి మడి తెల్లబడుతుంది, నీళ్లున్న చెరువు నల్లగానే మిగులుతుంది. ఒక్క తేదీ చిత్రంతో పంటను తేల్చేస్తామనేవాళ్లను నేనైతే నమ్మను.

ఆ తర్వాత ఫోన్ పట్టుకుని పొలాలకు వెళ్లండి. గట్టుమీద నిలబడి జీపీఎస్ పాయింటు తీసుకోకండి, ఆ పిక్సెల్‌లో గట్టూ, పక్కవాళ్ల మొక్కజొన్నా కలిసిపోతాయి. పెద్ద మడి చూసుకుని, రైతునడిగి, పైరు తొక్కకుండా మధ్యకు వెళ్లి తీసుకోండి. కొన్ని పాయింట్లు పక్కన పెట్టి, పటం ఎంత నిజమో వాటితో సరిచూడండి. పటం గీయడానికి వాడిన పాయింట్లతోనే సరిచూస్తే మార్కులు మనకు మనమే వేసుకున్నట్టు.

విస్తీర్ణం లెక్కకట్టేటప్పుడు అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు పనికిరావు, మీటర్లలోకి మార్చాలి. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో హైదరాబాద్, విజయవాడ 44వ జోన్‌లోకి వస్తాయి, అనంతపురం 43లోకి. ఈ జోన్ సంగతి చూసుకోనివాళ్లు చాలామందే.

దరఖాస్తుతో ఆ పటాన్నీ, అది ఏయే ఊళ్లలో ఎందుకు తప్పిందో రాసిన ఒక పేజీనీ జతచేయండి.