ప్రేమ కాపలాగా మారినప్పుడు: పటాన్‌చెరులో కొలువు చేస్తున్న చిరంజీవికి

ప్రేమించిన మనిషి కష్టాన్ని మోయడమే తన బతుకైపోవడాన్ని కోడిపెండెన్సీ అంటారు. ఎదుటివారి తాగుడు, అప్పు, కోపం, అలక సర్దడంలోనే రోజంతా గడుస్తుంది. అవేవీ లేని రోజున ఏం చేయాలో తోచదు. ఈ ఆలోచన అమెరికాలో తాగుడుకు చికిత్స చేసేవాళ్ల దగ్గర మొదలైంది. తాగేవాళ్ల కుటుంబాల కోసం అక్కడ 1951లో అల్-అనాన్ సంఘం ఏర్పడింది. 1986లో మెలొడీ బీటీ రాసిన ‘కోడిపెండెంట్ నో మోర్’ ఆ ఆలోచనను ఇంటింటికీ చేర్చింది. మానసిక వైద్యుల రోగాల జాబితాలో మాత్రం దీనికి చోటు దక్కలేదు. కాబట్టి ఇది జబ్బు కాదు, మెల్లగా ముదిరే ఒక అలవాటు.

అలాంటి పుస్తకాల్లోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా మన ఇళ్లకు సరిపోవు. జీతంలో సగం ఊళ్లో అమ్మానాన్నలకు పంపడం, అక్క పెళ్లి అప్పు తమ్ముడు తీర్చడం, జ్వరంతో పడుకున్న మనిషి కోసం డ్యూటీ మానుకోవడం, వీటిలో ఏదీ కోడిపెండెన్సీ కాదు. ఆ బరువు అసలు ఎవరిది, ఎప్పటికైనా దిగేదేనా అన్నదే చూడాలి.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చే పిల్లల్లో చాలామంది ఊరు వదిలినవాళ్లే. ఇస్నాపూర్‌లో అద్దెగది, మారుతూ ఉండే షిఫ్టులు, పలకరించే దిక్కు లేని ఆదివారాలు. ఊళ్లో అమ్మ, చిన్నమ్మ, దోస్తులు కలిసి పంచుకునే ఓదార్పు పనంతా ఇక్కడ ప్రేమించిన ఒక్క మనిషి మీద పడుతుంది. ఆ ఒక్కరు కాస్త దూరమైతే లోకమే ఖాళీ అయినట్టుంటుంది.

అందుకే మొదటి గుర్తు ఫోనులోనే దొరుకుతుంది. ప్లాంటులోకి ఫోను తీసుకుపోనివ్వని కంపెనీల్లో, షిఫ్టు దిగి గేటు దాటగానే మిస్డ్ కాల్స్ చూసి కడుపులో గుబులు పుడుతుంది. తప్పేమీ చేయకపోయినా క్షమాపణ సిద్ధంగా ఉంటుంది. తరువాతిది డబ్బు. జీతం పడిన రోజే అవతలివారి లోన్ యాప్ కిస్తీకి పోతుంది, సొంత చిట్టీ కట్టడానికి చేబదులు వెతుక్కోవాలి. మూడోది అబద్ధం. అతను రాత్రి తాగి పడుకుంటే, జ్వరమని సూపర్‌వైజర్‌కు ఆమె ఫోన్ చేస్తుంది. ఈ మూడో గుర్తులో ఒక సంగతి బయటపడుతుంది, వినడానికి చేదైనా సరే: అతని ఉద్యోగం పోకుండా కాపాడుతున్నది ఆమే, తాగుడు సాగనిస్తున్నదీ ఆమే. ‘నేను లేకపోతే వాడేమైపోతాడో’ అనే మాటలో భయం ఎంత ఉంటుందో, గర్వమూ అంతే ఉంటుంది. అబ్బాయిలకూ ఇది తప్పదు. అలిగిన అమ్మాయిని బుజ్జగించడానికి ఓటీ వదులుకుని పరుగెత్తేవాళ్లు తక్కువేం కాదు.

బయటపడే దారి ఎదుటివారిని మార్చడంలో లేదు. ఎవరి పని ఫలితం వారికే వదలాలి. సూపర్‌వైజర్‌కు ఫోన్ అతనే చేసుకోవాలి, కిస్తీ అతనే కట్టుకోవాలి. అన్నీ ఒకేరోజు ఆపనక్కరలేదు, ఒక్కటి ఆపి నెల నిలబడితే చాలు. మొదట్లో గుండె దడ, పాపం చేసిన భావన తప్పవు. అవి తప్పు చేసినందుకు గుర్తులు కావు, అలవాటు తెగుతున్నందుకు వచ్చే నొప్పి. జీతం ఖాతా, ఏటీఎం పిన్ను తన దగ్గరే ఉండాలి. తెగిపోయిన స్నేహాల్లో ఒకదాన్నైనా మళ్లీ పట్టుకోవాలి.

తాగుడు మాన్పించే విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఈ ప్రాంతపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలుస్తాయి. దానికి అలవాటుపడిన మనిషికి కల్లు ఒక్కసారిగా అందకపోతే వణుకు, ఫిట్స్, భ్రమలు రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తింది ఇందుకే. కాబట్టి గదిలో తాళం వేసి మాన్పించడం ప్రేమించినవారి పని కాదు, డాక్టరు పని. ఆసుపత్రి దాకా తోడు వెళ్లడం వరకే వారి వంతు.

‘వదిలేస్తే చచ్చిపోతా’ అనే బెదిరింపును తేలిగ్గా తీసుకోకూడదు, అలాగని దానికి లొంగిపోనూ కూడదు. వాళ్ల ఇంటివాళ్లకు చెప్పాలి, ప్రమాదం కళ్లముందే ఉంటే 112కు ఫోన్ చేయాలి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. కొడుతున్నా, బయటికి వెళ్లనీయకపోయినా దాన్ని కోడిపెండెన్సీ అనకూడదు. అది హింస, తప్పు కొట్టేవాడిదే. ఆడవాళ్లకు 181 సహాయవాణి, సఖి కేంద్రాలు ఉన్నాయి. 2005 గృహహింస చట్టం పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నవారికీ వర్తిస్తుంది.

కొన్ని జంటలు ఈ మార్పుతో కుదుటపడతాయి, కొన్ని విడిపోతాయి. విడిపోయాక కొన్ని నెలలు ఒంటరిగా ఉండటం మంచిది. కాపాడే అలవాటు వెంటనే పోదు, ఆదుకోమని చేయి చాచే ఇంకో మనిషి పక్క లైన్లోనే కనిపిస్తాడు.