అమ్మలూ పరుగెత్తారు

ఉగాది వస్తుందంటే ఆత్మకూరు దారులు జనంతో నిండిపోతాయి. కర్ణాటక భక్తులు వేలమంది శ్రీశైలానికి నడిచిపోతారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవి దాటుతారు. వాళ్లలో ఆడవాళ్లు ఉంటారు. ముసలమ్మలు కూడా ఉంటారు. వాళ్లను చూసి ఎవరూ నవ్వరు. మజ్జిగ ఇస్తారు. అన్నం పెడతారు.

అదే ఒక నడివయసు అమ్మ తెల్లారుజామున రోడ్డు మీద పరుగెత్తిందనుకోండి. "ఏమైందమ్మా? ఎవరికి బాగాలేదు?" అని అడుగుతారు. లేకుంటే నవ్వుతారు. ఆడమనిషి పరుగెత్తాలంటే ఏదో ఆపద రావాలి మరి!

లతా కరేకు నిజంగానే ఆపద వచ్చింది. ఆమెది మహారాష్ట్రలో బారామతి దగ్గర ఒక పల్లె. కూలి చేసుకుని బతికేది. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది. చేతిలో ఏమీ మిగల్లేదు. 2013లో భర్తకు జబ్బు చేసింది. స్కానింగు తీయాలన్నారు డాక్టర్లు. డబ్బు ఎక్కడిది?

అప్పుడే బారామతిలో పెద్ద వయసు వాళ్లకు పరుగుపందెం పెట్టారు. దూరం 3 కిలోమీటర్లు. మొదటి బహుమతి 5,000 రూపాయలు. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. తొమ్మిది గజాల చీరెతోనే వచ్చింది. ఒట్టి కాళ్లతో పరుగెత్తింది. అందరికన్నా ముందు వచ్చింది! మరుసటి ఏడు కూడా పందెం గెలిచింది. 2020లో ఆమె కథ సినిమాగా వచ్చింది. తీసింది మన తెలుగువాడే, నవీన్ దేశబోయిన. అందులో లతగా నటించింది ఎవరనుకున్నారు? ఆమే!

ఆపద లేకుండా, ఇష్టంతో పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. హైదరాబాదులో "హైదరాబాద్ రన్నర్స్" అనే సంఘం ఉంది. వీళ్లు ఏటా మారథాన్ పరుగు జరుపుతారు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆత్మకూరులో బయలుదేరితే వెలుగోడు దాటి, నంద్యాల దారిలో ఇంకా చాలా దూరం పోవాలి. అంత చేతకాని వాళ్లకు 10 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. ఉద్యోగాలు చేసేవాళ్లు, ఇల్లు నడిపే ఆడవాళ్లు కూడా వస్తారు. అందరికన్నా వెనక వచ్చినా సరే, వేళలోగా దూరం పూర్తి చేస్తే మెడలో పతకం వేస్తారు. మొదటిసారి పూర్తి చేసినవాళ్లకు తోటివాళ్లు చప్పట్లు కొడతారు. ఫోటోలు తీస్తారు. ఆ ముఖాలు చూడాలి!

ఇది సులువుగా రాలేదు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తారు. "ఆడవాళ్ల ఒంటికి ఇది పడదు" అన్నారు పెద్దలు. ఆ పందెమే తీసేశారు. మళ్లీ 1960లో పెట్టారు. ఆడవాళ్ల మారథాన్ 1984లో గానీ పెట్టలేదు. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ దాన్ని 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించి గెలిచింది.

పరుగు సంఘాల్లో అందరూ తమ టైము రాసుకుంటారు. పోటీ పక్కవాళ్లతో కాదు, తమ పాత టైముతో. అంకెలు వచ్చినవాళ్లు ఎవరైనా ఈ పని చేయవచ్చు. ముందు నడకతో మొదలుపెట్టాలి. తర్వాత కొంచెం పరుగు, కొంచెం నడక. రొమ్ములో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

లెక్క చేయండి: ఒకామె 3 కిలోమీటర్లు 30 నిమిషాల్లో పరుగెత్తింది. నెల తర్వాత అదే దూరం 27 నిమిషాల్లో పరుగెత్తింది. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు తగ్గాయి?