మన జాతీయ పతాకము - రంగుల అర్థము

చిత్రసీమకు నిలయమైన ఫిల్మ్ నగర్ వీధులలో ప్రతి ఆగస్టు 15వ తేదీన మువ్వన్నెల జెండాలు రెపరెపలాడును. మనమును మన కళాశాలలో జెండా వందనము చేయుదుము. అయినను "కాషాయము హిందువులది, ఆకుపచ్చ ముస్లిములది" అను మాట నేటికిని విద్యార్థుల నోట వినవచ్చుచున్నది. పతాక చరిత్రను పరిశీలించినచో ఈ మాట ఎక్కడ పుట్టినదో, ఎందుకు విడువవలసినదో తెలియగలదు.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్యగారు మచిలీపట్నం జాతీయ కళాశాలలో పనిచేసిరి. 1916లో పలు పతాక నమూనాలతో ఒక గ్రంథమును వెలువరించిరి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశము జరిగినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనాను గాంధీజీకి సమర్పించిరి. రాట్నము ఉండవలెనన్నది జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచన. తెలుపును చేర్చుమన్నది గాంధీజీ. నాడు ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు, తెలుపు తక్కిన మతములవారికి గుర్తులుగా భావింపబడెను. ఐక్యతయే దాని ఆశయము. కాని ఒక వస్త్రమును మతముల వారీగా పంచుట మొదలిడినచో దానికి అంతమెక్కడ? తమకును ఒక రంగు కావలెనని సిక్కులు కోరిరి.

ఈ చిక్కును తీర్చుటకై 1931లో ఒక సంఘము ఏర్పడెను. మన ఆంధ్రుడైన డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు దానికి సంచాలకులు. మౌలానా ఆజాద్ ఒక సభ్యులు. ఆ సంఘము ఒకే కాషాయవర్ణమును సూచించగా, కాంగ్రెసు మూడు రంగులనే నిలుపుకొనెను. అయితే రంగులకు మతములతో సంబంధము లేదని ఆగస్టులో తీర్మానించెను. కాషాయము ధైర్యత్యాగములకు, తెలుపు సత్యశాంతులకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకు చిహ్నములాయెను.

1947 జూలై 22వ తేదీన నెహ్రూగారి తీర్మానమును రాజ్యాంగ పరిషత్తు ఆమోదించెను. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో నిర్ణయింపబడెను. రాట్నమునకు మారుగా సారనాథ్ అశోక స్తంభమునందలి చక్రము ముదురు నీలిరంగున వచ్చెను. దానికి 24 ఆకులు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు కాషాయమున నిస్వార్థత్యాగమును, ఆకుపచ్చలో నేలతోడను పైరుతోడను మన బంధమును, చక్రమున ధర్మమును, చలనమును దర్శించిరి. మన హైదరాబాదు ఇంటి బిడ్డ సరోజినీ నాయుడుగారు చివరగా ప్రసంగించిరి.

రాట్నమును ఏల మార్చిరి? జెండాకు ఒక వైపున కనిపించు గుర్తు రెండవ వైపున తారుమారుగా కనిపించరాదని నెహ్రూగారు వివరించిరి. చక్రము ఎటు చూచినను ఒకే విధముగ నుండును.

విద్యార్థులారా! ఉర్దూలో చదువువారమైనను, తెలుగులో చదువువారమైనను మనకు ఈ పతాకమున ఒక పట్టీ మాత్రమే వాటా కాదు. ఆకుపచ్చ మనదే, కాషాయమును మనదే. "ఈ రంగు మీది" అని ఎవరైన అన్నచో, మూడును మావే యని వినయముగా, దృఢముగా చెప్పుదము. ఆ మూడు రంగులు కోరు త్యాగము, సత్యము, విశ్వాసము మన నడతలో చూపినప్పుడే ఆ మాటకు విలువ కలుగును.