బుగులు ఎట్ల పుట్టిస్తరు? (దెయ్యం సినిమాల్లో కెమెరా, చప్పుడు, చోటు)



పోయిన నెల ఒక ఆదివారం మనమందరం హాస్టల్ టీవీలో ‘రాత్రి’ సినిమా చూసినం. ఆ రోజు నుంచి చీకటి పడితే బాత్రూముకు ఎవ్వరూ ఒంటరిగా పోతలేరు. నా పక్క మంచం 5వ తరగతి చెల్లె, రాత్రి లేవాల్సి వస్తదని సాయంత్రం నుంచి నీళ్లు తాగుడే బంద్ చేసింది. నాలుగు రోజులకు మూత్రంలో మంట, జ్వరం. దవాఖానకు తీసుకపోయినరు. దెయ్యం రాలేదు, కాని బుగులు ఒక పిల్లను మంచాన పడేసింది. ఆ బుగులు ఎట్ల తయారైతదో తెలుసుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

‘రాత్రి’ 1992లో వచ్చింది. దర్శకుడు రాంగోపాల్ వర్మ, కెమెరా తేజ, నేపథ్య సంగీతం మణిశర్మ. రేవతి నటించింది. దీన్నే హిందీలో ‘రాత్’ పేరుతో తీసినరు.

1. కెమెరా

మామూలు సినిమాలో కెమెరా మనకు అన్నీ చూపిస్తది. భయం సినిమాలో దాచిపెడతది. తలుపు సగమే కనబడతది, మెట్లు సగమే కనబడతయి. మిగిలిన సగంలో ఏమున్నదో మన మనసే ఊహించుకుంటది. మన ఊహ కంటే పెద్ద దెయ్యాన్ని ఎవరూ తయారు చేయలేరు.

ఇంకొకటి, కెమెరా కన్నులాగ మారుతది. ఒక పిల్ల నడుస్తుంటే కెమెరా వెనుక నుంచి మెల్లగా వస్తది. ‘ఈ చూపు ఎవరిది?’ అని మనకు గుండె దడ. కెమెరా మోసేవాళ్ల నడక కుదుపు తెలియకుండ చేసే పరికరం ఒకటి ఉన్నది. దాని పేరు స్టెడీకామ్. వర్మ దాన్ని 1989లో ‘శివ’ సినిమాకు వాడినరు. 1980లో వచ్చిన ‘ది షైనింగ్’ అనే ఇంగ్లీషు సినిమాలో ఒక పిల్లవాడు ఖాళీ హోటల్లో చిన్న సైకిల్ తొక్కుతుంటే, ఇదే పరికరంతో కెమెరా వెనుకనే పోతది. కుదుపు లేకుండ జారుతది గనుక అది మనిషి నడకలాగ ఉండదు. అందుకే బుగులు.

2. చప్పుడు

ఆ రోజు సినిమా మధ్యలో స్పీకర్ వైరు ఊడింది, గుర్తున్నదా? బొమ్మ నడుస్తనే ఉన్నది, చప్పుడు లేదు. అప్పటిదాక దుప్పటి కప్పుకున్నోళ్లందరూ నవ్వినరు. వైరు పెట్టంగనే మళ్లీ కేకలు. బొమ్మ అదే, మనుషులం మనమే. అంటే భయంలో సగం చెవుల నుంచే వస్తున్నదన్న మాట.

1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో స్నానాల గది సీనుకు సంగీతం వద్దని ఆయన మొదట అనుకున్నడట. బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలతోనే గీరినట్లు సంగీతం చేసి వినిపిస్తే, ఆయన మనసు మార్చుకున్నడు. ఇప్పుడు ఆ సీను అంటే ఆ చప్పుడే గుర్తుకొస్తది.

మాది నల్లమలలో చెంచు పెంట. మా ఇంట్ల బడికి వచ్చింది నేనే మొదలు. మా నాయిన తేనెకు రాత్రిపూట పోతడు. బండ చరియకు తాడు మీద దిగుతడు, పైన మా మామ తాడు పట్టుకుంటడు. నాయినకు చీకటంటే భయం లేదు. ఎందుకంటే ఏ చప్పుడు దేనిదో ఆయనకు తెలుసు. కీచురాళ్లు అన్నీ ఒక్కసారి ఆగితే మాత్రం ఆయన కూడా ఆగుతడు. ఏదో దగ్గరికి వచ్చిందని అర్థం. సినిమావాళ్లూ గదే చేస్తరు. ముందు అంతా నిశ్శబ్దం చేస్తరు, తర్వాత ఒక్కసారి ‘ధన్’ మంటరు. అడవిల ప్రతి చప్పుడుకు ఒక యజమాని ఉంటడు. సినిమాలో ఆ యజమానిని దాస్తరు.

3. చోటు

2009లో కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’లో పాత బంగళా ఉంటది. అది బనగానపల్లెలో ఉన్న నవాబుల బంగళా. పగలు చూస్తే అది రాళ్లు, సున్నం. ‘రాత్రి’లో మాత్రం మామూలు ఇల్లే. అది ఇంకా ఎక్కువ భయం, ఎందుకంటే అట్లాంటి ఇల్లు ప్రతి వీధిలో ఉంటది.

మన పానగల్లోనే ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. కుందూరు చోళుల కాలం నాటి గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండ ఉంటది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత సైన్సు సారు చెప్పినరు: అక్కడికి ఎండ నేరుగా రాదు, చెదిరిన వెలుగు బయటి స్తంభాల మధ్య నుంచి వస్తది, అందుకే నీడ సూర్యునితో తిరగదు. తెలిసినంక నీడ పోలేదు. నా బుగులు పోయింది, కట్టినోళ్ల తెలివి మీద గౌరవం వచ్చింది.

మనం చేయవలసినది

మొన్న రాత్రి నేను ఒక్కదాన్నే బాత్రూము దాక పోయిన. నిజం చెప్తున్న, నాకూ కాళ్లు వణికినయి. నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టిన. టప్ టప్: నల్లా. గరగర: రేకు మీద వేపకొమ్మ. కిర్రు: గొళ్లెం లేని తలుపు. మూడింటికీ యజమానులు దొరికినరు. తెల్లారి ఆ చెల్లెకు చెప్పిన. ఇప్పుడు రాత్రి ఇద్దరం కలిసి పోతున్నం. ఆమె మళ్లీ నీళ్లు తాగుతున్నది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. బాత్రూముల తొవ్వలో బల్బు కాలిపోయి చాలా రోజులైంది. సినిమాలో చీకటి పెట్టాలంటే ఎన్నో లైట్లు కావాలట. మనకు ఒక్క బల్బు చాలు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని