వ్యవసాయ వృత్తి విద్య: అధ్యాపక సంఘం నిర్దేశించుకోవలసిన లక్ష్యాలు – అనకాపల్లి ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

నేపథ్యం

వ్యవసాయాన్ని వృత్తిగా నేర్పే ప్రత్యేక సంస్థలు ఉండాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారి కమిషన్, మెట్రిక్యులేషన్‌కు ముందూ తరువాతా వ్యవసాయ వృత్తి విద్యను అందించే సంస్థలను నెలకొల్పాలనీ, వాటిని వ్యవసాయ పాలిటెక్నిక్కులుగా వ్యవహరించవచ్చుననీ సూచించింది. ఆ ఆలోచనే తరువాత కృషి విజ్ఞాన కేంద్రాలకు దారి తీసింది. వాటిలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో ఏర్పడింది. మన రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పదవ తరగతి అనంతరం రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా అమలులో ఉంది.

2019లో గ్రామ సచివాలయాలలో గ్రామ వ్యవసాయ సహాయకుల నియామకాలకు డిప్లొమాదారులను కూడా అర్హులుగా పరిగణించడంతో, ఆ మరుసటి సంవత్సరం మే 30న రైతు భరోసా కేంద్రాలు ప్రారంభం కావడంతో ఈ విద్యకు ఉద్యోగార్హతగా గుర్తింపు ఏర్పడింది. అయితే ఒకసారి భర్తీ అయిన ఉద్యోగం తిరిగి ఖాళీ కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. విద్యార్థులు మాత్రం ఏటా ఉత్తీర్ణులై వస్తూనే ఉంటారు. ప్రభుత్వోద్యోగం దొరకని విద్యార్థికి రెండేళ్ల చదువు దేనికి అక్కరకు వచ్చింది అన్న ప్రశ్నకు బోధించిన వారే సమాధానం చెప్పవలసి ఉంటుంది.

సమస్య స్వరూపం

అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం 1913లో ప్రారంభమైంది. విశ్వామిత్ర (87 ఏ 298) వంటి రకాలు ఇక్కడి నుండే రైతులకు అందాయి. పట్టణంలోని బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. పరిశోధన, పంట, పరిశ్రమ, విపణి ఇంత దగ్గరగా ఉన్న చోట కూడా చదువుకూ పనికీ మధ్య దూరం కనిపిస్తుంది. బెల్లం వంట దీనికి మంచి ఉదాహరణ.

పెనం వద్ద పాకం చూసే మనిషి మరుగుతున్న పాకాన్ని చల్లని నీటిలో వేసి, వేళ్లతో ఉండకట్టి చూసి, దించవలసిన అదను చెబుతాడు. గట్టి బెల్లానికి ఆ దశలో ఉష్ణోగ్రత సుమారు 118 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని విద్యార్థికి పాఠంలో చెబుతాము. రసం శుద్ధికి సున్నం ఎంత కలపాలో, రంగు కోసం హైడ్రోస్ ఎందుకు ఎక్కువ వాడరాదో, బెల్లంలో గంధక డయాక్సైడ్ పరిమితి 70 పీపీఎం ఎందుకో కూడా చెబుతాము. విద్యార్థికి కారణాలు తెలిసినా అదను తెలియదు. పాకం చూసే మనిషికి అదను తెలిసినా, పరిమితులను కొలిచే సాధనం గాని, తన నేర్పుకు గుర్తింపు పత్రం గాని లేవు. ఈ ఇద్దరినీ ఒక చోటికి చేర్చే బాధ్యత ప్రస్తుతం ఎవరిదీ కాదు. అధ్యాపకుల వృత్తి సంఘం తన మొదటి కర్తవ్యంగా దీనిని స్వీకరించాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

వృత్తి సంఘం అవసరం

జీతాలు, బదిలీలు, పదోన్నతుల విషయాలను చూసే సంఘాలు వేరు. అవి అవసరమే. వృత్తి సంఘం పని బోధన ప్రమాణాలకు పూచీ పడటం. అమెరికాలో 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం వ్యవసాయ విద్యకు నిధులిస్తూ, ప్రతి విద్యార్థీ ఏడాదికి కనీసం ఆరు నెలలు పర్యవేక్షణలో క్షేత్ర సాధన చేయాలని షరతు పెట్టింది. 1926లో అక్కడి వృత్తి విద్యా బోధకులు జాతీయ స్థాయి సంఘంగా ఏర్పడ్డారు. నేడు అది కెరీర్, సాంకేతిక విద్యా సంఘంగా కొనసాగుతున్నది. చట్టం సాధనను తప్పనిసరి చేయగలదు. ఆ సాధన నాణ్యత మాత్రం బోధించేవారి ఉమ్మడి కృషిపైనే ఆధారపడి ఉంటుంది.

ప్రతిపాదిత లక్ష్యాలు

1. ప్రాంతీయ నైపుణ్య పట్టిక: ప్రతి వ్యవసాయ వాతావరణ మండలంలో రైతు డబ్బిచ్చి చేయించుకునే పనులేవో గుర్తించి పట్టిక తయారు చేయాలి. చెరకు ప్రాంతంలో ఒంటి కన్ను ముచ్చెలతో ప్రోట్రేలలో నారు పెంచడం, ముచ్చెలను 52 డిగ్రీల వేడినీటిలో 30 నిమిషాలు శుద్ధి చేయడం, గడను చీల్చి ఎర్రకుళ్లును గుర్తించడం, కార్శి తోట యాజమాన్యం, పరిశుభ్రమైన బెల్లం తయారీ అందులో ఉంటాయి. ఒక్కొక్క పనిలో విద్యార్థి స్వయంగా చేసి చూపవలసినది ఏమిటో స్పష్టంగా రాయాలి.

2. అధ్యాపకుల క్షేత్ర పునశ్చరణ: చేసి చూపలేని పనిని బోధకుడు నేర్పలేడు. ప్రతి అధ్యాపకుడూ ఏటా కొన్ని రోజులు రైతు పొలంలోనో, నర్సరీలోనో, బెల్లం వండే చోటనో పని చేసేలా సంఘం ఏర్పాటు చేయాలి. పదోన్నతులలో దీనికి విలువ ఇవ్వాలని విశ్వవిద్యాలయాన్ని కోరాలి.

3. అనుభవానికి గుర్తింపు: 2013 డిసెంబరు 27న ప్రకటితమైన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం పూర్వ అనుభవాన్ని పరీక్షించి ధ్రువీకరించే అవకాశం కల్పిస్తున్నది. పాకం చూసేవారికి, నారు పెంచేవారికి ఈ అవకాశం అందేలా చూడాలి. వారిని కళాశాల ప్రయోగ తరగతులకు గౌరవ వేతనంతో బోధకులుగా, పరీక్షకులుగా ఆహ్వానించాలి.

4. పై మెట్టుకు దారి: డిప్లొమాదారులు అగ్రిసెట్ ద్వారా బీఎస్సీ వ్యవసాయంలో చేరవచ్చు. అందరికీ ఆ సీట్లు చాలవు. మిగిలినవారికి నారు నర్సరీ, యంత్ర సేవలు, నాణ్యతా పరీక్ష వంటి స్వయం ఉపాధి మార్గాలను చదువుతున్నప్పుడే పరిచయం చేయాలి. సంప్రదాయ పద్ధతిలో ఎకరాకు సుమారు 16,000 మూడు కళ్ల ముచ్చెలు అవసరమవుతాయి. నారు పద్ధతిలో విత్తన చెరకు బాగా ఆదా అవుతుంది. ఆ ఆదాలో కొంత భాగం నర్సరీ నడిపే యువతకు ఆదాయం కాగలదు.

5. విద్యార్థుల జాడ: ఉత్తీర్ణులైన రెండేళ్ల తరువాత ప్రతి విద్యార్థీ ఏ పనిలో ఉన్నదీ నమోదు చేసి, ఏటా ప్రకటించాలి. విద్యార్థినుల వివరాలను విడిగా చూపాలి. ఫలితాలు అసౌకర్యంగా ఉన్నా దాచరాదు.

అమలు క్రమం, పరిమితులు

అన్నిటినీ ఒకేసారి చేపడితే ఏదీ పూర్తి కాదు. మొదటి సంవత్సరం ఒక మండలానికి నైపుణ్య పట్టికను, విద్యార్థుల నమోదును పూర్తి చేయాలి. రెండవ సంవత్సరం అధ్యాపకుల పునశ్చరణను, అనుభవజ్ఞుల భాగస్వామ్యాన్ని ప్రారంభించాలి. మూడవ సంవత్సరం ఫలితాలను సమీక్షించి, పాఠ్యప్రణాళికలో మార్పులను ప్రతిపాదించాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. అనకాపల్లి ప్రాంతంలో పరిశోధన కేంద్రం, హరిపురంలోని కృషి విజ్ఞాన కేంద్రం, మార్కెట్ యార్డు ఇప్పటికే ఉన్నాయి.

ఒక అభ్యంతరాన్ని ఇక్కడ గమనించాలి. బెల్లం వంట పొగలో, వేడిలో చేసే కష్టమైన పని. ఆ వృత్తిలోని కుటుంబాలే తమ పిల్లలను దానికి దూరంగా ఉంచుతున్నప్పుడు డిప్లొమా విద్యార్థి ఎందుకు చేరతాడని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. ధ్రువపత్రం ఒక్కటే పనిలోని శ్రమను తగ్గించదు. మెరుగైన పొయ్యి, పొగ బయటకు పోయే ఏర్పాటు, రసాయన అవశేషాలు లేని బెల్లానికి తగిన ధర కూడా సమకూరాలి. ఈ మూడింటిలోనూ సాంకేతిక విద్య పొందినవారి అవసరం ఉంది. పని తీరు మారకుండా పనివారిని మాత్రమే తయారు చేయడం సంఘం లక్ష్యం కాకూడదు.

ముగింపు

వృత్తి విద్య ఫలితాన్ని ఇచ్చిన ధ్రువపత్రాల సంఖ్యతో కొలవడం సులభం. మన విద్యార్థి చెప్పిన మాట విని రైతు తన తోటలో ఒక పద్ధతి మార్చుకున్నాడా, ఆ సేవకు మరుసటి ఏడాది మళ్లీ పిలిచాడా అన్నది అసలైన కొలత. అధ్యాపక సంఘాలు తమ వార్షిక నివేదికలో ఈ ప్రశ్నకు ఒక పుట కేటాయించగలిగితే, మిగిలిన లక్ష్యాలన్నీ దానిని అనుసరించి స్పష్టమవుతాయి.